మా తాత సినిమా కారు ఎక్కడికి పోయింది?

1951 మోడల్ స్టాండర్డ్ వ్యాన్‌గార్డ్ కారును మా తాత సగానికి కోయించాడు. ముందు సీటు వెనక నుంచి కప్పు, వెనక తలుపులు, డిక్కీ అన్నీ తీయించేసి, ఆ జాగాలో టేకు చెక్కతో పెద్ద పెట్టె కట్టించాడు. ముందు బంపరు దగ్గర యాంగిల్ ఇనుముతో స్టాండు వెల్డింగ్ చేయించి దాని మీద డైనమో బిగించాడు. ఇంజన్ పుల్లీ నుంచి డైనమోకు బెల్టు. కప్పు మీద రెండు మైకు గొట్టాలు. ఇట్లాంటి కారు ఇంకొకటి దేశంలో ఉండదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. మా ఇంట్లో చెప్పుకునే గొప్పల్లో నేను నమ్మేది అదొక్కటే.

తాతకు టూరింగ్ టాకీస్ ఉండేది. అనంతపురం జిల్లాలో ఉరవకొండ, వజ్రకరూరు, కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో డేరా వేసి సినిమాలు ఆడించేవాడు. పెన్నహోబిలం తిరునాళ్ల వస్తే అక్కడికి, పంట చేతికొచ్చే రోజుల్లో పెద్ద పల్లెలకు. అప్పట్లో చాలా ఊళ్లకు కరెంటు లేదు. ప్రొజెక్టర్లో వెలుగేమో రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే ఆర్క్ నుంచి రావాలి. దానికి డీసీ కరెంటు కావాలి, అదీ పదుల ఆంపియర్లలో. కారు బ్యాటరీ ఏ మూలకూ చాలదు. జనరేటర్ విడిగా కొని ఎడ్లబండి మీద ఊరూరూ తిప్పే బదులు, సామాను మోసే బండే రాత్రికి కరెంటు కూడా ఇస్తే సరిపోతుంది కదా అన్నది తాత లెక్క. ఆ మోడల్ వ్యాన్‌గార్డ్‌కు ఛాసిస్ వేరు, బాడీ వేరు. పైన ఎంత కోసినా కింద ఫ్రేము గట్టిగా నిలబడుతుంది. ఇప్పటి కార్లను అట్లా కోస్తే రెండు ముక్కలై కూలబడతాయి.

టాకీస్ మూతపడ్డాక ఆ కారు ఏమైందో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవాళ్లు. గుజిరీకి తూకానికి అమ్మేసినారని మా చిన్నాయన. చెనక్కాయల అప్పు కింద పోయిందని మా అవ్వ బతికినన్నాళ్లూ చెప్పింది. తిరునాళ్లలో కాలిపోయిందని ఇంకో కథ ఊళ్లో తిరిగేది. ఒక కారు కాలిపోయి, తూకానికి పోయి, మళ్లీ అప్పు కింద కూడా ఎట్లా పోతుంది? చిన్నప్పుడు నేనిది అడిగితే పెద్దవాళ్లు కసురుకునేవాళ్లు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. చిన్నాయన పాత ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీద నుంచి తాత ట్రంకు పెట్టె కిందికి దిగింది. అందులో కారు కాగితాలు ఉంటాయని ఆశపడ్డాను. ఆర్‌సీ పుస్తకం లేదు, ఇన్సూరెన్స్ లేదు. టాకీస్ లైసెన్స్ ఫైలు మాత్రం దాదాపు చెక్కు చెదరకుండా ఉంది. 1955 సినిమా రెగ్యులేషన్ చట్టం కింద టూరింగ్ సినిమాకు లైసెన్స్ కావాలి, లైసెన్స్ కావాలంటే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి వైరింగు, జనరేటరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. పాత నైట్రేట్ ఫిల్ముకు నిప్పంటుకుంటే ఆర్పడం అయ్యే పని కాదు. అందుకని ఇన్‌స్పెక్టర్లు ప్రతిదీ రాసుకునేవాళ్లు. ఇంజన్ డేరాకు ఎంత దూరంలో ఉండాలో, కేబుల్ ఎట్లా లాగాలో కూడా ఆ కాగితంలో ఉంది.

జనరేటర్‌ను తిప్పేది ఏమిటి అన్న గడిలో ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది: నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, మోటారు వాహనానికి అమర్చినది. దాని పక్కనే ఇంజన్ నంబరు.

ఈ వెతుకులాట మొత్తానికి అదే ఆధారం. మామూలు కారు అయ్యుంటే దాని ఇంజన్ నంబరు ఆర్‌సీ పుస్తకంలో, రవాణా శాఖ రిజిస్టర్లలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. ఆర్‌సీ పోతే ఇంటి కాగితాల్లో దాని ఆధారమే మిగిలేది కాదు. తాత ఆ బండిని జనరేటర్‌గా వాడాడు కాబట్టి కరెంటు శాఖ కాగితాల్లోకి కూడా అది ఎక్కింది. పాత మార్పులు చేసిన బండి కోసం వెతికేవాళ్లు రవాణా శాఖ కాగితాలతోనే ఆగిపోవద్దని నేను అందుకే చెబుతున్నాను. బండి ఏ పని కోసం మారిందో ఆ పని తాలూకు కాగితాలు చూడండి. ఆసుపత్రి బండి అయితే ఆసుపత్రి లెక్కలు, గని బండి అయితే గని లెక్కలు.

ఆ తర్వాత గుంతకల్లులో ఉంటున్న పాత ఆపరేటర్‌ను వెతుక్కుంటూ వెళ్లాను. తాత దగ్గర కుర్రవాడిగా రీళ్లు చుట్టడానికి చేరి, తర్వాత ఆపరేటర్ అయిన మనిషి. ఎనభై దాటినా మాట స్పష్టంగా ఉంది. కారు ఏమైందో ఆయనకు పెద్దగా తెలియదు. కారు ఎట్లా పనిచేసిందో మాత్రం గంటలకొద్దీ చెప్పాడు.

కారు ఇంజన్‌తో డైనమో తిప్పడంలో ఒక చిక్కుంది. ఆర్క్ వెలగగానే ఇంజన్ మీద బరువు పడి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే వోల్టేజీ తగ్గుతుంది. ప్రొజెక్టర్ మోటారు కూడా ఆ కరెంటు మీదే తిరిగేది. సెకనుకు 24 ఫ్రేములు నడవాల్సిన ఫిల్ము నెమ్మదించేది. “పాట సాగిపోయేది నాయనా. ఆడమనిషి గొంతు మొగోడి గొంతయ్యేది. నేల టికెట్టోళ్లు రాళ్లేసేవాళ్లు” అన్నాడు. మొదట్లో ఒక కుర్రవాణ్ణి కారు దగ్గర కూర్చోబెట్టి, చేత్తో థ్రాటిల్ లాగిస్తూ నడిపారట. వాడు సెకండ్ షోలో నిద్రపోయేవాడు.

దానికి మందు కనిపెట్టింది గుంతకల్లు లోకో షెడ్డులో పనిచేసి వచ్చిన ఫిట్టర్ ఒకాయన. ట్రాక్టర్ ఇంజన్‌కు గవర్నర్ ఉంటుంది. బరువు పెరిగినా తగ్గినా వేగం ఒకేలా ఉండేటట్టు ఇంధనాన్ని తనే సర్దుకునే ఏర్పాటు అది. కారుకు ఉండదు, ఎందుకంటే కారులో ఆ పని డ్రైవర్ కాలు చేస్తుంది. అయితే వ్యాన్‌గార్డ్ ఇంజన్‌కు, ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్ ఇంజన్‌కు దగ్గరి చుట్టరికం. స్టాండర్డ్ కంపెనీయే ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆ ట్రాక్టర్లను కూడా తయారుచేసింది. 1946 నుంచి 1956 దాకా ఐదు లక్షలకు పైగా చేశారు. కారులో ఉన్నది 2,088 సీసీ ఇంజన్. 1951 తర్వాత వచ్చిన పెట్రోల్ ఫెర్గూసన్‌లో కూడా అదే సైజు. ఈ సంగతి ఆ ఫిట్టర్‌కు తెలుసు. పాడైన ఫెర్గూసన్ నుంచి గవర్నర్ తీసి, ముందు వైపు కవరు మార్చి, లింకు కడ్డీలు లేత్ మీద చేయించి కారుకు బిగించాడట. ఆ తర్వాత పాట సాగలేదు.

ఇది విన్నాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ కారుకు గవర్నర్ ఉందంటే అది సగం కారు, సగం ఆయిల్ ఇంజన్. బావి మోటారుకో, చెనక్కాయలు కొట్టే మిషన్‌కో పనికొస్తుంది. పాత ఇనుముగా పోవాల్సిన అవసరం దానికి లేదు. కొన్నవాడు వ్యాపారస్తుడు కాకుండా రైతు అయ్యుండాలి.

ఎవరా రైతు? దానికి బండి నంబరు కావాలి. మా దగ్గరున్న ఫొటోలో నంబరు పలక కనిపిస్తుంది గానీ సగం అంకెలు డైనమో స్టాండు చాటున పడ్డాయి. కనిపించేదల్లా మొదటి అక్షరం ‘ఎం’. చిన్నాయన తీగకు గుచ్చి దాచిన పెట్రోల్ బంకు బిల్లులు తిరగేశాను. అప్పు ఖాతా కాబట్టి ప్రతి బిల్లు మీద బండి నంబరు వేసేవాళ్లు. అన్నిటి మీదా ‘ఏ’ తో మొదలయ్యే నంబరే. ‘ఎం’ ఒక్కదాని మీద కూడా లేదు.

రెండు కార్లు ఉన్నాయేమో అనుకోవడానికి వీల్లేదు, ఒకటి కొనడానికే అవ్వ నగలు పోయాయి. విషయం తెలిసింది మళ్లీ ఆపరేటర్ దగ్గరే. కారు తాత చేతికి కొత్తగా రాలేదు. తుంగభద్ర డ్యాం పనుల్లో ఉన్న బళ్లారి కాంట్రాక్టర్ ఒకాయన డ్యాం పూర్తయ్యాక అమ్మేసి వెళ్లిపోతే తాత కొన్నాడు. 1951లో బళ్లారి, అనంతపురం రెండూ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి, మద్రాసు నంబర్లు ‘ఎం’ తో మొదలయ్యేవి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బళ్లారి మైసూరులోకి పోయింది, రాయదుర్గం మన జిల్లాలో కలిసింది. తాత కొనేనాటికి పక్క ఊరి కారు కాస్తా పరాయి రాష్ట్రం కారైంది. దాంతో కొత్త నంబరు పడింది. మన రాయలసీమ, బళ్లారి సరిహద్దు ఊళ్లలో పాత బండ్ల వెంట పడేవాళ్లు దీన్ని మనసులో పెట్టుకోవాలి. నంబరు పలక మారుతూ పోతుంది. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మాత్రమే నమ్మదగినవి.

నంబరు దొరికింది కదా అని ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ తెరిచి కొట్టాను. రికార్డు లేదంది. 1989 తర్వాత వచ్చిన ఏపీ 02 లాంటి నంబర్లకు అలవాటుపడిన మనకు ఇది వింతగా ఉంటుంది. అంతకుముందు బండ్ల వివరాలు పుస్తకాల్లో చేత్తో రాసినవే. ఆ బండి తర్వాత ఎప్పుడైనా రెన్యువల్‌కు వస్తేనే ఎవరో ఒకరు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఉంటారు. లేకపోతే అది పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఆఫీసుల్లో బీ రిజిస్టర్ అంటారు. నంబరు, యజమాని, తయారీ సంవత్సరం, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, బరువు, చేతులు మారిన వివరాలు అన్నీ అందులో ఉంటాయి. అది బండి నంబరు వరుసలో ఉంటుంది. నా దగ్గరున్న ఇంజన్ నంబరుతో ఎంత వెతికినా దొరకదు. బంకు బిల్లులు లేకపోతే నా కథ ఆ గుమ్మం దగ్గరే ఆగేది.

ఏ ఊరి ఆఫీసో చెప్పను. కౌంటర్లో ఉన్నాయన మంచివాడే. బీ రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ యజమానికో, వారసులకో ఇస్తామన్నాడు. తాత మనవణ్ణని చెబితే నవ్వి, “మీ తాత అమ్మేసిన రోజే మీ సంబంధం తెగిపోయింది సార్. ఇప్పుడు వారసులు కొన్నాయన వాళ్లు” అన్నాడు. కొన్నాయన ఎవరో తెలుసుకోవడానికే కదా నేను వచ్చింది! ఆ మాటే అంటే, అదే మా రూలు అన్నాడు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. జవాబు వచ్చింది: ఇంకొకరి వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేము. ఇక్కడ చాలామంది వదిలేస్తారు. నేను చట్టం తెరిచి చదివాను. సెక్షన్ 8(1)(జె) వ్యక్తిగత సమాచారాన్ని ఆపుతుంది. అదే సెక్షన్‌లో కిందికి వస్తే 8(3) ఉంది. దరఖాస్తు తేదీకి ఇరవై ఏళ్ల ముందు జరిగిన విషయమైతే, దేశ భద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ కాగితాలు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, మిగతా అడ్డంకులు వర్తించవు. నేను అడిగింది యాభై ఏళ్ల నాటి సంగతి. మొదటి అప్పీలులో ఆ ఒక్క క్లాజు రాసి, పుస్తకాన్ని కళ్లతో చూసుకునే అవకాశం ఇవ్వమని అడిగాను. చట్టం రికార్డును తనిఖీ చేసే హక్కు కూడా ఇస్తుంది. వెతికిపెట్టే పని వాళ్లకు తగ్గితే మనకు దారి దొరుకుతుందన్నది నా అనుభవం. అప్పీలు అధికారి ఒప్పుకున్నాడు.

రికార్డు గది గురించి ఎక్కువ చెప్పను. చెదలు, దుమ్ము, కింది అరలో రిజిస్టర్లు. సిబ్బందిలో ఒక కుర్రవాడు నాతోపాటు మాస్కు కట్టుకుని వెతికాడు. మా పేజీ దొరికింది.

పైన బళ్లారి నుంచి వచ్చిన పాత ‘ఎం’ నంబరు, కింద కొత్త నంబరు. ఇంజన్ నంబరు ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్లో ఉన్నదే. బాడీ రకం దగ్గర ‘సెలూన్’ అని, అంటే కప్పు ఉన్న మామూలు కారు అని, రాసి కొట్టేసి, మార్చిన బాడీ అని ఎర్ర సిరాతో ఇంకో మాట. 1939 చట్టం కింద కూడా బండిని మారిస్తే ఆఫీసుకు చెప్పి పుస్తకంలో ఎక్కించుకోవాలి. తాత ఆ పని చేశాడు. ఈ కాలంలో సైలెన్సర్ పీకేసి బుల్లెట్ నడిపే కుర్రాళ్లకు ఆ పేజీ చూపించాలనిపించింది. తర్వాత యజమాని మార్పు. ఉరవకొండ దగ్గర ఒక పల్లె, రైతు పేరు. చివరి వరుసలో స్టాపేజీ, అంటే బండి రోడ్డు మీద తిప్పడం లేదు, ట్యాక్స్ అడగొద్దు అని యజమాని ఇచ్చిన నోటీసు. ఆ తర్వాత ఏమీ లేదు. రిజిస్ట్రేషన్ రద్దు చేసినట్టు ఎక్కడా రాయలేదు. ప్రభుత్వం లెక్క ప్రకారం ఆ కారు ఇప్పటికీ ఎక్కడో ఆగి ఉంది!

పల్లెకు వెళ్లి రైతు పేరు చెబితే ఆయన పోయి చాలా కాలమైందన్నారు. కొడుకు ఉన్నాడు, డెబ్బై దగ్గర పడ్డాడు. నేను వ్యాన్‌గార్డ్ అంటే ఆయనకు అర్థం కాలేదు. పాత కారు అన్నా తల గోక్కున్నాడు. సినిమా కారు అనగానే లేచి నిలబడ్డాడు.

“సినిమా కారా? దాని ఇంజన్ మా బావి కాడ ఉండాది కదప్పా. నువ్వు ఎవురి మనవడివి?”

చెప్పాను. మజ్జిగ తెప్పించాడు. తర్వాత ఆయన చెప్పిన దాంట్లో అవ్వ మాట తేలింది. ఒక వానలేని ఏడు తాత తన చేనికి విత్తనపు కాయలు వీళ్ల నాయన దగ్గర అప్పు తెచ్చాడు. పంట రాలేదు. అప్పటికే టాకీస్ కూడా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో కూడా ఇక్కడే తెలిసింది. తిరునాళ్లలో సెకండ్ షో నడుస్తుండగా డైనమో వైండింగ్ అంటుకుని పొగలొచ్చాయి, జనం పరుగులు తీశారు. కాలింది డైనమో ఒక్కటే. ఊళ్లో కథ పెరిగి పెరిగి కారంతా కాలిపోయింది. కొత్త డైనమోకు డబ్బు లేదు, కరెంటు స్తంభాలు ఊరూరికీ వచ్చేస్తున్నాయి. అప్పు కింద కారు తీసుకోమని తాతే అన్నాడట. “మా నాయనకు కారెందుకు? గవర్నర్ ఉండే ఇంజన్ కావాలన్న్యాడు” అన్నాడాయన.

బావి ఎండిపోయి చాలా ఏళ్లయింది. ఆ చుట్టుపక్కల అన్నీ బోర్లే, వాటిలో సగం వట్టివి. బావి గట్టు మీద రేకుల కొట్టంలో డ్రిప్పు పైపుల చుట్టల కింద, యూరియా సంచుల వెనక ఇంజన్ సిమెంటు దిమ్మెకు బోల్టులతో బిగించి ఉంది. తుప్పు పట్టింది గానీ విరగలేదు. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలు మీదికి మార్చి నీళ్లు తోడేవాళ్లు. సుగ్గి కాలంలో బెల్టు మార్చి చెనక్కాయల మిషన్‌కు తగిలించేవాళ్లు. అట్లా కరెంటు మోటారు వచ్చేదాకా నడిచింది.

విదేశీ ఇంజన్‌ను అన్నేళ్లు ఆ పల్లెలో ఎట్లా నడిపారన్నది నాకు వచ్చిన మొదటి అనుమానం. మద్రాసు స్టాండర్డ్ ఫ్యాక్టరీలోనే 1988 తర్వాత కార్లు తయారు కాలేదు, వ్యాన్‌గార్డ్ విడిభాగాలు అంతకు చాలా ముందే మాయమయ్యాయి. జవాబు చాలా తేలిక. వాళ్లెప్పుడూ కారు భాగాలు అడగనే లేదు, ట్రాక్టర్ అంగడికి పోయి ఫెర్గూసన్ లైనర్లు అడిగారు. ఆ ఇంజన్‌కు తడి లైనర్లు ఉంటాయి, అంటే సిలిండర్ గొట్టాలు బ్లాక్‌లో విడిగా దిగుతాయి, చుట్టూ నీళ్లు తిరుగుతాయి. అరిగితే బ్లాకు మొత్తం బోరింగ్‌కు మోసుకుపోవాల్సిన పని లేదు. పాత గొట్టం లాగి కొత్తది దించడమే. కింద రెండేసి గొట్టాలకు కలిపి ఎనిమిది అంకె ఆకారంలో ఒక గాస్కెట్ ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకపోతే నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. ఆ పెద్దాయన చదివింది ఐదో తరగతి. నేలమీద పుల్లతో ఎనిమిది గీసి, ఎక్కడ లీకవుతుందో వేలు పెట్టి చూపించాడు. మా బళ్లో నేను ఇంత బాగా బొమ్మ గీయలేను.

నంబరు చూడాలి కదా. బ్లాకు పక్కన నంబరు గుద్దిన చోట గ్రీసు, తుప్పు కలిసి గట్టిపడ్డాయి. కిరసనాయిలు పోసి నాననిచ్చి, గుడ్డతో తుడిచి, వైరు బ్రష్ మెల్లగా వేశాం. గట్టిగా రుద్దొద్దు, అంకెల అంచులు పోతాయి. ఎమెరీ కాగితం అసలు వాడొద్దు. తర్వాత సుద్దముక్క పొడి అద్ది, మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాం. రవాణా ఆఫీసుల్లో ఛాసిస్ ప్రింటు తీసేది కూడా ఇట్లాగే. అంకెలు ఒక్కొక్కటే కాగితం మీదికి వచ్చాయి. సర్టిఫికెట్ జెరాక్స్ పక్కన పెట్టి చూశాను. అవే అంకెలు, అదే వరుస. పక్కనే లోకో షెడ్డు ఫిట్టర్ బిగించిన గవర్నర్ కూడా ఉంది, చేత్తో ఆకురాయి పట్టిన గుర్తులతో. ఫోన్‌లో వీడియో తీసి ఆపరేటర్‌కు పంపితే ఆయన మనవడు ఫోన్ చేశాడు. ముసలాయన దాన్ని ఆపకుండా చూస్తున్నాడట.

మిగతా భాగాలు ఒక్కొక్కటిగా తెలిశాయి. టేకు పెట్టె చెక్కలు ఆ ఇంటి వంటగది తలుపులయ్యాయి. ఒక తలుపు లోపలి వైపు రీలు డబ్బాలు కదలకుండా తొలిచిన అర్ధచంద్రం గాడి ఇంకా ఉంది, అందులో అగ్గిపెట్టె పెట్టుకుంటున్నారు. వెనక యాక్సిల్, చక్రాలు టైరు బండికి పోయాయి. ఆ బండి ఎడ్లు పోయాక విడిపోయింది. ఛాసిస్ ఉరవకొండలో ఒక వెల్డింగ్ షాపులో నీళ్ల ట్యాంకరు ట్రాలీగా మారింది. కరువు రోజుల్లో ఊరికి నీళ్లు తోలింది అదే. తర్వాత అమ్మేశారు. కాలిన డైనమో రాగి తీగ కోసం గుజిరీకి పోయింది, ముందు సగం బాడీ కూడా దాంతోపాటే. చిన్నాయన చూసింది ఆ గుజిరీ లారీనే. అంటే మా ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు చూసిన ముక్క గురించి వాళ్లు చెప్పారు.

విషయం ఆ నోటా ఈ నోటా పడి బెంగళూరులో పాత కార్లు బాగుచేయించే ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ప్రతిపాదన బాగానే ఉంది. ఎక్కడి నుంచో ఒక వ్యాన్‌గార్డ్ డొల్ల బాడీ తెస్తాడు, ఈ ఇంజన్ అందులో పెడతాడు, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తాడు. కేంద్రం 2021 జూలైలో దీనికి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కానీ అదే నిబంధనల్లో బండి అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదని కూడా ఉంది. గవర్నర్ పీకేసి, కార్బ్యురేటర్ మామూలుది పెట్టి, కంపెనీ రంగు కొడితే సరిపోతుందన్నాడాయన. అది ఎవరి కారు అవుతుంది మరి? ఆ డొల్లకు ముందున్న యజమాని కారు అవుతుంది, లేదా ఆయన కారు అవుతుంది. తాత చేయించినదంతా తీసేస్తేనే దానికి వింటేజ్ గౌరవం వస్తుందంటే నాకు ఆ గౌరవంతో పని లేదు. అసలు రూపాన్ని కాపాడాలన్న నిబంధనను నేను తప్పుపట్టను, లేకపోతే ప్రతి అతుకుల బండీ వింటేజ్ అంటుంది. కాకపోతే మన దేశంలో పాత బండ్లు ఎక్కువ భాగం అతుకులతోనే బతికాయి. వాటి చరిత్ర రాసుకోవడానికి ఏ పుస్తకంలోనూ గడి లేదు.

ఇంజన్ అమ్మమని రైతును నేను అడగలేదు. బెంగళూరాయన అడిగాడు, వచ్చిన దారినే పోయాడు. నేను అడిగింది ఒక్కటే, యూరియా సంచులు దూరంగా పెట్టమని. యూరియా తేమ తగిలితే ఇనుము తొందరగా తినేస్తుంది. ఆయన సంచులు తీయించి, ఇంజన్ మీద పాత డీజిల్ ఆయిల్ పూయించాడు. పేజీ చివర రద్దు అని రాయించమని రికార్డు గదిలో కుర్రవాడు సలహా ఇచ్చాడు. ఆ మాట చెబితే పెద్దాయనకు టెన్షన్ పట్టుకుంది. “ఇన్నేండ్ల ట్యాక్స్ కట్టమంటారేమో సారూ, ఎందుకొచ్చింది, పుస్తకంలో అట్లే ఉండనీ” అన్నాడు. సరే ఉండనీ అన్నాను.

ఇక తేలాల్సింది ముందు సగం. లారీ గుంతకల్లు వైపు పోయిందని పల్లెలో ఇద్దరు ముగ్గురు చెప్పారు. గుజిరీలో కరిగించకుండా బానెట్టు, తలుపులు విడిగా అమ్మడం అప్పట్లో మామూలే, కోళ్ల గూళ్లకూ పాకలకూ పనికొస్తాయి. గుర్తులు ఇవి: బానెట్టు మూతి గుండ్రంగా, బరువుగా ఉంటుంది. గ్రిల్లు కింద రెండు వైపులా యాంగిల్ ఇనుము వెల్డింగ్ అతుకులు. ఎడమ తలుపు మీద పసుపు రంగులో పెద్ద అక్షరాలతో ‘నేడే’ అని రాసి ఉండేది, దాని మీద తర్వాత ఎన్ని రంగులు పడ్డాయో నాకు తెలియదు. గుత్తి, గుంతకల్లు, పత్తికొండ దారుల్లో ఎవరి దొడ్లోనైనా అలాంటి రేకు కనిపిస్తే, తెచ్చుకోవాలన్న ఆశ నాకు లేదు, చూసి ఫొటో తీసుకుని పోతాను.